అస్కర్ కబుర్లు: ప్రిలిమినరీ అన్నారు గదా అని

ఎండాకాలంలో ఒంట్లో నీరు తగ్గిపోవడం గురించి ఈ నెల రాస్తామని కిందటి సంచికలో మాట ఇచ్చాము. దాన్ని వచ్చే నెలకు వాయిదా వేస్తున్నాము. వాయిదా అన్న మాట ఊరికే రాలేదు. ఈసారి రాయబోయేది కోర్టు సంగతి. డాక్టరుకు కోర్టు గొడవలెందుకని మీరడగవచ్చు. రక్తపోటు చూపించుకోవడానికి మా దగ్గరకు వచ్చే మనవాళ్ళలో కొందరికి మందు రాయవలసింది మేము కాదు, ఊళ్ళో ఉన్న వాళ్ళ ప్లీడరు. పొలం దావాయో ఇంటి దావాయో లేని తెలుగు కుటుంబం ఈ ద్వీపంలో ఎక్కడైనా ఉంటే చెప్పండి, వాళ్ళింటికి వచ్చి కాఫీ తాగి అభినందించి వస్తాము.

అస్కర్‌లో మా ఇల్లు మీలో కొందరికి తెలుసు. మనామా నుంచి వచ్చేవారు దూరమని సణుగుతూ వస్తారు, వచ్చాక సముద్రపు గాలికి లేవబుద్ధికాక కూర్చుండిపోతారు. ఇటు జాలరుల పడవలు, అటు అల్బా అల్యూమినియం కర్మాగారం, మధ్యలో చిన్న ఊరు. మొన్నొక శుక్రవారం మధ్యాహ్నం దగ్గరలోనే పనిచేసే ఒక ఇంజినీరు గారు వచ్చారు. పేరు రాయవద్దన్నారు. కథ మాత్రం రాయండి, ఇంకొకరికైనా పనికివస్తుంది అన్నారు. వస్తూనే చొక్కా చెయ్యి పైకి మడిచి చాపారు. 170/100.

కథ ఇదీ. 2006కూ 2008కీ మధ్య ఆయన ఊళ్ళో ఇల్లు కట్టించారు. స్థలం తండ్రిగారి పేర ఉంది. ఇంటికి పెట్టిన డబ్బంతా బహ్రెయిన్ నుంచి నెలనెలా పంపినది. తండ్రి పోయిన తరువాత 2013లో తమ్ముడు భాగపంపిణీ దావా వేశాడు. పొలంతోపాటు ఇల్లు కూడా ఉమ్మడి ఆస్తే అన్నాడు. 2017లో కోర్టు అవునన్నది. పొలం, స్థలం, ఇల్లు అన్నీ కలిపి అన్నకూ తమ్ముడికీ చెల్లెలికీ తలా ఒక మూడోవంతు అని తేల్చింది. ప్లీడరు గారు ఫోను చేసి, “ప్రిలిమినరీ డిక్రీ అయింది సార్, ఫైనల్ డిక్రీకి ఇంకా టైముంది” అన్నారు. అందులో అబద్ధం లేదు. కాని ఆ మాట విని ఇంజినీరు గారికి గ్రూప్ వన్ పరీక్ష గుర్తుకొచ్చిందట. ప్రిలిమ్స్‌లో వచ్చిన మార్కులు చివరి లెక్కలోకి రావు గదా, అసలు పరీక్ష మెయిన్స్‌లో గదా, మన కాగితాలన్నీ అప్పుడు చూపిద్దాము అనుకున్నారు. ప్రిలిమ్స్ తప్పినవాణ్ణి మెయిన్స్ గదిలోకి రానివ్వరన్నది ఆ సమయానికి తోచలేదు.

ఏడేళ్ళు ఆయన ఆ కాగితాలు భద్రం చేశారు. ఎక్స్‌ఛేంజి రసీదులు, బ్యాంకు డ్రాఫ్టుల కౌంటర్ ఫాయిళ్ళు, సిమెంటు బిల్లులు, మేస్త్రి సంతకం పెట్టిన చీటీలు, అన్నీ తేదీలవారీగా ఒక నీలం ఫైలులో. కిందటి ఏడాది ఫైనల్ డిక్రీ విచారణకు సెలవు పెట్టి వెళ్ళి ఆ ఫైలు కోర్టు ముందు పెట్టించారు. జడ్జి గారు తెరవలేదు. భాగాలు 2017లోనే తేలిపోయాయి, ఇప్పుడు తేలవలసింది ఏ ముక్క ఎవరికన్నది మాత్రమే అన్నారు. ఫైనల్ డిక్రీ కూడా వచ్చింది. దానిమీద అప్పీలుకు వెళ్ళి ఇల్లు నాదేనని మొదటినుంచీ వాదిస్తానని ఆయన పట్టుదల. రక్తపోటు అక్కడినుంచి వచ్చింది.

నిజం చెప్పాలంటే ఆ పొరపాటు ఎవరికైనా వచ్చేదే. మా వైద్యంలో ప్రొవిజనల్ డయాగ్నోసిస్ అని ఒకటుంది. రోగి వచ్చిన పూట టైఫాయిడ్ కావచ్చు అని రాసుకుంటాము. రక్త పరీక్ష వచ్చాక కొట్టేసి మలేరియా అని రాసుకుంటాము. అందులో ఎవరికీ పరువు నష్టం లేదు. ప్రిలిమినరీ అన్న మాట కూడా ఆ జాతిదే కాబోలు అనిపిస్తుంది. కాదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడు రెండో సెక్షనులో డిక్రీ అంటే ఏమిటో చెప్పారు. దావాలో తగాదా పడ్డ అన్ని విషయాల మీద గాని, వాటిలో కొన్నింటి మీద గాని, ఇరుపక్షాల హక్కులనూ ఇక ఆ కోర్టు మళ్ళీ తిరగదోడనక్కర లేకుండా తేల్చి చెప్పేది డిక్రీ. హక్కులు తేల్చాక దావా పూర్తిగా ముగియడానికి ఇంకా పని మిగిలి ఉంటే అది ప్రిలిమినరీ. ఏ పనీ మిగలకపోతే ఫైనల్. అంటే ప్రిలిమినరీ అన్నది తీర్పు గట్టిదనాన్ని గురించి చెప్పే మాట కాదు, మిగిలిన పనిని గురించి చెప్పే మాట. తాత్కాలికంగా అనుకుంటున్నాము, తరువాత చూద్దాము అని కోర్టు అనలేదు. భాగం ఎంతో తేలింది, గట్టు ఎక్కడ వెయ్యాలో తేలలేదు, అంతే. 1960లలోనే సుప్రీంకోర్టు వెంకటరెడ్డి, పేతిరెడ్డి కేసులో, భాగపంపిణీ దావాలోనైనా తాకట్టు దావాలోనైనా ప్రిలిమినరీ డిక్రీ తాత్కాలికమైనది కాదనీ, అది తేల్చినంతవరకూ తేలినట్టేననీ చెప్పింది.

కాబట్టి అప్పీలుకు తలుపు ఆ రోజే తెరుచుకుంటుంది. తెరుచుకోవడమే కాదు, గడియారం కూడా ఆ రోజే మొదలవుతుంది. జిల్లా కోర్టుకు వెళ్ళే అప్పీలైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. ఇక్కడ 97వ సెక్షను వస్తుంది. ప్రిలిమినరీ డిక్రీ మీద అప్పీలు చెయ్యకుండా ఊరుకున్నవాడు, తరువాత ఫైనల్ డిక్రీ మీద అప్పీలుకు వెళ్ళినప్పుడు ఆ ప్రిలిమినరీ డిక్రీ తప్పు అని అనడానికి వీల్లేదు. ఇంత చిన్న సెక్షను ఇన్ని ఇళ్ళను ముంచి ఉంటుందని మేము ఎన్నడూ అనుకోలేదు.

కోర్టు నోట వచ్చే ప్రతి మాటా డిక్రీ కాదన్నది కూడా ఆయనకు చెప్పవలసి వచ్చింది. ఎందుకంటే మధ్యలో కమిషనరును వేసినప్పుడు దానిమీద అప్పీలు చెయ్యలేదేమని ప్లీడరు గారిమీద కోపంగా ఉన్నారు. కమిషనరును వెయ్యడం దావా నడవడానికి ఇచ్చే ఆర్డరు. అలాంటి ఆర్డర్లలో ఏవేవి విడిగా అప్పీలుకు పనికివస్తాయో కోడులో పట్టిక ఉంది, ఇంజంక్షను ఇవ్వడం, నిరాకరించడం అందులో ఉన్నాయి. పట్టికలో లేనివాటిని చివరి అప్పీలులో ఎత్తుకోవచ్చు. చిన్నవాటికి ఆఖరుదాకా ఆగవచ్చు, పెద్దదానికి మాత్రం ఆగడానికి వీల్లేదు. ఇంజినీరు గారు ఆగవలసిన చోట అల్లాడి, పరుగెత్తవలసిన చోట ఆగారు.

ఈ చిక్కు మన ఒక్కరిదే అనుకోకండి. అమెరికాలో పిల్లలున్నవారికోసం చెబుతున్నాము. అక్కడి ఫెడరల్ కోర్టుల్లో కింది కోర్టు ఆఖరి నిర్ణయం చేసేదాకా అప్పీలు లేదన్నది సాధారణ సూత్రం. కాని 1848లోనే ఫోర్గే, కాన్రాడ్ అనే కేసులో అక్కడి సుప్రీంకోర్టుకు సందేహం వచ్చింది. ఆస్తిని వెంటనే ఎదుటివారికి అప్పగించమన్నారు, జమాఖర్చుల లెక్క మాత్రం మిగిలి ఉంది. లెక్క తేలేదాకా ఆగమంటే ఆస్తి చెయ్యి దాటిపోతుంది, ఆ తరువాత అప్పీలు గెలిచి ఏం చేసుకోవాలి? కాబట్టి అప్పీలుకు ఇది చాలినంత ఆఖరిదే అన్నారు. ఆ ఆస్తిలో పొలాలతోపాటు బానిసలైన మనుషులూ ఉన్నారన్నది చదివినప్పుడు మాకు కాసేపు కాగితం ముడవాలనిపించింది.

బహ్రెయిన్‌కూ మన కోడుకూ కూడా చుట్టరికం ఉంది. 1913లో బ్రిటిష్ రాజు పేర వచ్చిన ఒక ఆర్డరు, 1919 నుంచి అమలై, ఇక్కడి విదేశీయులమీద బ్రిటిష్ ఏజెంటుకు న్యాయాధికారం ఇచ్చింది. ఆ కోర్టుకు వాడుకలో ఉన్నది భారతదేశపు చట్టాలే. రూపాయి కూడా మనదే చెల్లేది, 1965లో దీనారు వచ్చేదాకా. ఆ కోర్టులు 1971తో పోయాయి. ఈ దేశానికి తన సొంత కాసేషన్ కోర్టు 1989 చట్టంతో ఏర్పడింది. ఒకప్పుడు ఈ రేవులో సరుకు తగాదా పడ్డ గుజరాతీ వర్తకుడూ, నేటి మన ఇంజినీరు గారూ ఒకే పుస్తకం ముందు నిలబడ్డారన్నమాట.

ఇంతకూ ఆయనకు మిగిలిందేమిటి? ఫైనల్ డిక్రీ మీద అప్పీలు ఉంది. అందులో ఇల్లు నా స్వార్జితం అనడానికి లేదు గాని, ఇంటిని నా భాగంలో వెయ్యండి, కట్టించినవాణ్ణి నేను, దాని విలువ నా మూడోవంతుకు మించితే మించినంత సొమ్ము తమ్ముడికీ చెల్లెలికీ కడతాను అనవచ్చు. ఇల్లు పోకుండా నిలిచే దారి అదొక్కటే కనబడుతున్నది. రెండోది, 2017 డిక్రీ మీదనే ఇప్పుడు అప్పీలు వేసి, ఆలస్యాన్ని మన్నించమని లిమిటేషన్ చట్టం 5వ సెక్షను కింద అర్జీ పెట్టుకోవడం. అది నెగ్గితే ఫైనల్ డిక్రీ దానంతట అదే కూలిపోతుంది, పునాది తీసేశాక గోడ నిలవదు గదా. కాని ఏడేళ్ళ ఆలస్యానికి రోజురోజుకూ కారణం చెప్పాలి. పరీక్షల ప్రిలిమ్స్ అనుకున్నానంటే ఏ కోర్టు ఒప్పుకుంటుందో మాకు తెలియదు. ఆ ఫైలు 2017లో చూపించి ఉంటే గెలిచేవారా అంటే అదీ చెప్పలేము, స్థలం తండ్రిగారిది. కాని చూపించవలసిన చోటు అది. మాత్ర మార్చి రాశాము, ఉప్పు తగ్గించమన్నాము, ఊళ్ళో ఇంకొక ప్లీడరును కూడా అడగమన్నాము.

ఇదంతా ఆయనకు అంత ధీమాగా ఎలా చెప్పగలిగామంటే, ఇదే మాట దగ్గర మేము అంతకుముందు రెండోవైపుకు బోర్లాపడ్డాము. పత్రిక మర్యాదకు “మేము” అని రాస్తున్నాము గాని, ఆ పడ్డది ఒక్క మనిషే.

మా తాతగారికి కృష్ణా పశ్చిమ డెల్టాలో తొమ్మిది ఎకరాల పిత్రార్జితం. వరి, వరి తరువాత మినుము. మా నాన్న, బాబాయి, మధ్యలో మా మేనత్త. అత్తకు 1979లో పెళ్ళయింది. మా ఇంటరు రెండేళ్ళూ ఆవిడ ఇంట్లో ఉండి చదువుకున్నాము. తెల్లవారుజామున నాలుగింటికి లేపి పాలు ఇచ్చి పుస్తకం ముందు కూర్చోబెట్టిన మనిషి. మాకు మెడిసిన్ సీటు రావడంలో ఆ పాల పాత్ర ఎంతో చెప్పలేము, లేదని మాత్రం అనలేము. తాతగారు 2000లో పోయారు. విల్లు రాయలేదు. నాయనమ్మ అంతకుముందే పోయింది. ఆ ఏడే బాబాయి దావా వేశారు. 2003లో ప్రిలిమినరీ డిక్రీ. తాతగారికీ ఇద్దరు కొడుకులకూ తలా మూడోవంతు. తాతగారి మూడోవంతు మళ్ళీ ముగ్గురు పిల్లలకు. లెక్క కడితే నాన్నకు నాలుగు ఎకరాలు, బాబాయికి నాలుగు, అత్తకు ఒకటి. 1986లో మన రాష్ట్రం ఆడపిల్లలకు పుట్టుకతో హక్కు ఇస్తూ చట్టం చేసింది, దేశంలో చాలా రాష్ట్రాలకంటే ముందు. కాని దాని అమలు 1985 సెప్టెంబరు 5 నుంచి, ఆనాటికి పెళ్ళికాని కూతుళ్ళకే. అత్తకు ఆరేళ్ళు తేడా వచ్చింది. ఎవరూ అప్పీలు చెయ్యలేదు.

ఫైనల్ డిక్రీ మాత్రం రాలేదు. కమిషనరు వచ్చి కొలిచారు. కాలువ గట్టు పక్క ముక్క నాకంటే నాకని ఇద్దరూ అభ్యంతరాలు వేశారు. మళ్ళీ కొలిచారు. ఒక కమిషనరు పోయి ఇంకొకరు వచ్చారు. ఈ మధ్యలో 2005 సెప్టెంబరు 9 నుంచి హిందూ వారసత్వ చట్టం దేశమంతటికీ మారింది. పెళ్ళయినా కాకపోయినా కూతురు కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కుదారే. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజు వల్ల గాని కోర్టు డిక్రీ వల్ల గాని పంపకం జరిగిపోయి ఉంటే మాత్రం దాన్ని కదపరు.

2012లో మేము హౌస్‌సర్జనుగా ఉండగా అత్త ఫోను చేసింది. “ఏరా, ఒంగోలు వాళ్ళెవరో ఆడపిల్లలకు సుప్రీంకోర్టులో భాగం వచ్చిందట. మనకేమన్నా ఉంటుందా?” డ్యూటీలో ఉన్నాము. ముందు రోజు రాత్రి నిద్ర లేదు. అయినా తెలియదు అనలేదు. “2003లో తీర్పు వచ్చిందత్తా. తొంభై రోజులు గడువు. తొమ్మిదేళ్ళయింది. కోర్టు డిక్రీ అయిపోయిన పంపకాలను కదపరు” అన్నాము. “అంతేనంటావా, సరేలే నాన్నా” అని పెట్టేసింది. మళ్ళీ అడగలేదు. చదువుకున్నవాడు చెప్పాడని నమ్మింది.

ఆవిడ విన్న కేసు గండూరి కోటేశ్వరమ్మ కేసు అని ఇప్పుడు ప్లీడర్లందరి నోటా ఉన్నది. ఒంగోలు సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో మొదలైన భాగపంపిణీ దావా. ఒక కొడుకు తండ్రినీ, సోదరుణ్ణీ, ఇద్దరు ఆడతోబుట్టువులనూ ప్రతివాదులుగా చేసి వేసినది. తండ్రి 1993లో పోయారు. 1999 మార్చి 19న ప్రిలిమినరీ డిక్రీ, 2003 సెప్టెంబరు 27న దానికి సవరణ. తరువాత 2005 చట్టం వచ్చింది. ఫైనల్ డిక్రీ ఇంకా కాలేదు గనక మాకూ సమాన భాగం వెయ్యండి అని ఆ ఇద్దరూ అర్జీ పెట్టారు. కింది కోర్టు 2009 జూన్‌లో సరేనన్నది. హైకోర్టు ఆగస్టులో కాదన్నది. 2011 అక్టోబరు 12న సుప్రీంకోర్టులో జస్టిస్ లోధా, జస్టిస్ ఖేహర్ కింది కోర్టు మాటే నిలబెట్టారు. ప్రిలిమినరీ డిక్రీతో భాగపంపిణీ దావా ముగిసిపోదు, ఫైనల్ డిక్రీ వచ్చేదాకా దావా బతికే ఉంటుంది, ఈలోపల చట్టం మారితే భాగాలు మార్చి మళ్ళీ రాయవచ్చు అన్నారు. అది కొత్తగా కనిపెట్టిన మాట కూడా కాదు. ఒకే దావాలో రెండో ప్రిలిమినరీ డిక్రీ ఇవ్వడానికి అడ్డు లేదని 1967లోనే ఫూల్‌చంద్ కేసులో చెప్పారు. మన 1986 చట్టం కింద పెళ్ళికాని కూతుళ్ళ విషయంలో 1991లో సాయిరెడ్డి కేసులో చెప్పారు. మాకు తెలియకపోవడం వాళ్ళ తప్పు కాదు.

మరి ఇంజినీరు గారికి మూసుకున్న తలుపు అత్తకు ఎలా తెరుచుకుంది? చాలామంది మమ్మల్ని ఇక్కడే ఆపి అడుగుతారు. ఆయన 2024లో చెప్పబోయింది 2017లోనే చెప్పవలసిన మాట. డబ్బు తను పంపినదన్న సంగతి ఆనాడూ ఉంది, రసీదులూ ఉన్నాయి. అత్త అడిగింది 2003లో అడగడానికి వీల్లేని మాట. ఆ హక్కు ఆనాటికి పుట్టనే లేదు. పాత నిర్ణయం తప్పని ఆవిడ అనడం లేదు. ఆనాటి చట్టానికి అది ఒప్పే. దావా నడుస్తూ ఉండగా కాలు కింద నేల మారింది, కొత్త నేల చూసి కొలవండి అంటున్నది. ప్రిలిమినరీ డిక్రీ అప్పీలు చెయ్యడానికి చాలినంత ఆఖరిది. దావాను మూసివెయ్యడానికి చాలినంత ఆఖరిది కాదు. ఒకటే కాగితం. ఆయన రెండో సగం చూసి మొదటి సగం మరిచారు. మేము మొదటి సగం చూసి రెండో సగం మరిచాము.

మా తప్పులో ఇంకొక చేదు ఉంది. అత్తకు ఒక ఎకరం నుంచి మూడెకరాలు కావాలంటే నాన్న నాలుగు ఎకరాల్లో ఒకటి పోవాలి. ఆ నాన్న తరువాత ఆ పొలం ఎవరికి రావాలి? సలహా తప్పు కావడం ఒక ఎత్తు, ఆ తప్పు వల్ల లాభం సలహా చెప్పినవాడికే కావడం ఇంకొక ఎత్తు. ఆ రాత్రి మాకు అలాంటి ఆలోచన ఏదీ లేదని ప్రమాణం చేసి చెప్పగలము. చెప్పినా అత్త ఎకరాలు రెండూ ఎనిమిదేళ్ళు వెనకబడ్డాయి.

2015లో సుప్రీంకోర్టు ఇంకొక కేసులో, 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉంటేనే కూతురికి ఆ హక్కు అన్నది. 2018లో మరొక బెంచి తండ్రి అంతకుముందే పోయిన కేసులోనూ కూతుళ్ళకు భాగం ఇచ్చింది. రెండూ ఇద్దరేసి జడ్జీల బెంచిలే, ఏది పాటించాలో కింది కోర్టులకు అర్థం కాలేదు. చివరికి 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీలు తేల్చారు. హక్కు పుట్టుకతో వస్తుంది, తండ్రి ఆనాటికి బతికి ఉండనక్కర లేదు, పాత ప్రిలిమినరీ డిక్రీ ఉన్నా ఫైనల్ డిక్రీ దగ్గర గాని అప్పీలులో గాని కూతురి భాగం సరిచెయ్యాలి అన్నారు. అప్పుడు మేము ఇక్కడ ఉన్నాము. కోవిడ్ వార్డులో తొడుక్కున్న ప్లాస్టిక్ గౌను విప్పి ఇంటికి వచ్చి ఆ వార్త చదివాము. లెక్క కట్టి చూశాము. తాతగారికీ ముగ్గురు పిల్లలకూ తలా పావు వంతు, తాతగారి పావు మళ్ళీ ముగ్గురికి. తలా మూడోవంతు. తలా మూడెకరాలు.

అత్తకు ఫోను చెయ్యడానికి మాకు నాలుగు రోజులు పట్టింది. ముందు నాన్నకు చేశాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. “తీర్పు ఎప్పుడో అయిపోయిందన్నావుగదరా నువ్వే” అన్నారు. అన్నాము మరి. తరువాత అత్తకు చెప్పాము, 2012లో చెప్పింది తప్పని కూడా చెప్పాము. “పోనీలేరా, నిద్రలేని పిల్లాడివి” అంది. 2021లో ఆవిడ అర్జీ వేసింది. నాన్న అభ్యంతరం లేదని రాసిచ్చారు. బాబాయి ఇవ్వలేదు. ఆయన్ను తప్పుపట్టలేము, ఇరవయ్యేళ్ళు ఆ నాలుగు ఎకరాల్లో మడి దున్నిన మనిషి, పక్షాన వాదన ఉంటే వాదించుకోవచ్చు. 2023లో రెండో ప్రిలిమినరీ డిక్రీ వచ్చింది, తలా మూడోవంతు అని.

మీలో దావాలున్నవారికి నాలుగు మాటలు. ఊళ్ళో ప్లీడరు గారు ఫోనులో ఏదో “అయింది” అంటే, ఏమయింది అని అడగండి. ఎవరికెంత అన్నది తేలిందా, ఎవరికేది అన్నది తేలిందా? మొదటిదైతే ఆ వారంలోనే సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టించండి. కాపీ తయారుకావడానికి పట్టిన రోజులు గడువులో లెక్కించరు గాని, అర్జీ పెట్టకుండా గడిపిన రోజులు లెక్కే. మనం సముద్రం ఇవతల ఉన్నామని ఆ గడియారం ఆగదు. ఇక్కడి మన రాయబార కార్యాలయంలో సంతకం చేసిన జీపీఏ ఊరికి చేరాక మూడు నెలల్లో స్టాంపు వేయించాలి, అది మరిచి తరువాత పరుగెత్తినవాళ్ళను చూశాము. అప్పీలు వేసినంత మాత్రాన కింద పని ఆగదు, ఆపాలంటే స్టే విడిగా అడగాలి. ఇక ప్రిలిమినరీ అయి పదేళ్ళయినా ఫైనల్ కాలేదని దిగులుపడేవారికి: భాగపంపిణీ దావాలో ఫైనల్ డిక్రీ అడగడానికి గడువు లేదని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022లో ఒక కేరళ కేసులో, ఎవరూ విడిగా అర్జీ పెట్టేదాకా ఆగకుండా కింది కోర్టులే దావాను ముందుకు నడపాలని కూడా చెప్పింది. మీ కేసు ఆగి ఉంటే ఆ మాట మీ ప్లీడరుకు గుర్తు చెయ్యండి. మేము చెప్పామని మాత్రం అనకండి. కోర్టు విషయంలో మా మాటకు ఎంత విలువో మా అత్తకు తెలుసు.

కిందటి వారం ఆవిడ మళ్ళీ ఫోను చేసింది. ఆవిడకు ఇప్పుడు అరవయ్యెనిమిదేళ్ళు. “ఏరా, ఇది కూడా ప్రిలిమినరీయేనట గదా. గెలిచినట్టా, కానట్టా?”

“గెలిచినట్టే అత్తా. కాని అప్పీలుకు పనికివచ్చే గెలుపు. బాబాయి హైకోర్టుకు వెళ్ళారుగా, అది తేలాలి.”

“గడువు దాటాక వెళ్ళాడా?”

“లేదత్తా. ఎనభయ్యో రోజున వేశారట.”

కాసేపు ఊరుకుంది. “చిన్నప్పుడు వాణ్ణి బడికి నేనే లాక్కెళ్ళేదాన్ని. ఒక్కరోజు బెల్లు కొట్టకముందు చేరలేదు” అంది.

వచ్చే నెల నీళ్ళ సంగతి తప్పకుండా రాస్తాము.